పిల్లల బదులు చావడిలో నిలబడిన వేంగడమ్మ గారు

గత శుక్రవారం ఉదయం నేను క్లాసులో పాఠం చెబుతూ ఉండగా బడి ప్యూను తలుపు దగ్గరికి వచ్చి, "టీచరమ్మా, మామిడితోపు పెద్దమ్మ పోయినారంట" అన్నాడు. నమ్మలేక, నా అలవాటు చొప్పున అతనితోనే వాదం పెట్టుకొన్నాను. "ఎవరు చెప్పినారు నీకు? నిన్న సాయంత్రమే కదా నేను చూసి వచ్చింది?" పిల్లలంతా ఒక్కొక్కరే లేచి నిలబడినారు. అప్పుడు నమ్మినాను.

రాజపాళయంలో శ్రీమతి వేంగడమ్మ గారిని ఎరగనివారు లేరు. ఎరిగినామనుకొన్నవారి కోసమే ఈ నాలుగు మాటలు. పదునాలుగేళ్ల ప్రాయంలో, ఒకే వారంలో, కలరా ఆమె తల్లిదండ్రులను, ఇద్దరు తమ్ముళ్లను కబళించినది. చదువు అక్కడితో ఆగిపోయినది. పెళ్లై, వైధవ్యం ప్రాప్తించి, మామిడితోపు చేతికి వచ్చినప్పుడు దాని ఫలసాయం యావత్తూ చావడికి రాసిచ్చినారు. ఘోరమైన ఆపదలో పడి, లేచి, అయినా చదువు విడవని పిల్లలను కాలేజీకి పంపడానికి.

తన దుఃఖం దాచుకోవడం ఆమెకు తెలియదు. బస్సు ఎక్కితే శ్రీవిల్లిపుత్తూరు చేరేలోగా కండక్టరు కళ్లు తుడుచుకొనేవాడు, టిక్కెట్లు మరిచిపోయేవాడు. "చెప్పేస్తే బరువు దిగిపోతాదే" అనేవారు నాతో. ఆమెకు నిజంగానే దిగిపోయేది. అందరూ తనలాంటివాళ్లే అనుకోవడం ఆ పుణ్యాత్మురాలు చేసిన ఏకైక దోషం.

మా చావడి అంటే పెద్దలు కూర్చునే కూటం. తగవైనా, పెళ్లిమాటైనా, సాయమైనా, కావలసినవాళ్లు నడుమ నిలబడి నోరు విప్పి చెప్పుకోవాల. అదే వాడుక స్కాలర్‌షిప్పుకూ పట్టుకొన్నది. ఏటా కాలేజీ తెరిచే ముందు పిల్లలు ఒక్కొక్కరే నిలబడి తమకు ఏం జరిగినదో చెప్పాల, పెద్దలు విని, ముక్కు చీది, తల ఊపాల. మార్కులు చూసి చెప్పే పని నాది. మొదటి ఏడే అడిగినాను: "పెద్దమ్మా, పుండు చూపిస్తేనే మందిస్తామంటారా?"

"చూడకుండా ఏ డాక్టరు ఇస్తాడే?" అన్నారు. నా నోరు మూయించగలిగిన మనిషి ఊళ్లో ఆమె ఒక్కరే.

మూడో ఏట ఒక అమ్మాయి వచ్చినది. పేరు రాయను, ఊరు రాయను, ఆమె ఇంట్లో ఏం జరిగినదో అసలే రాయను. రాస్తే ఆనాటి తప్పు నేను మళ్లీ చేసినట్టు. లెక్కల్లో అంత తెలివైన పిల్లను నేను మళ్లీ చూడలేదు. సగం చెప్పి ఆగినది. ఒక పెద్దాయన, మంచివాడే, కళ్లలో నీళ్లు పెట్టుకొనే, ఆ ఆపద జరిగిన రోజును గురించి ఒక ప్రశ్న వేసినాడు. ఆ పిల్ల కొంగు వేలికి చుట్టుకొంటూ, చుట్టుకొంటూ, వేలు తెల్లబడేదాకా చుట్టుకొన్నది. తర్వాత దండం పెట్టి బయటికి నడిచిపోయినది. మార్కులు రాసి ఉన్న ఎస్.ఎస్.ఎల్.సి. పుస్తకం చాప మీదే ఉండిపోయినది.

నేను ఊరుకొనే రకమా? అందరి ముందరా, "మీ ధర్మం ఆ పిల్లకు రెండో ఆపద, పెద్దమ్మా" అన్నాను. నాలుగు రోజుల తర్వాత ఆమె మా ఇంటికి వచ్చి, కూర్చోకుండానే, "రావే, బస్సు వస్తాది" అన్నారు. చేతిలో ఆ పుస్తకం. ఆ రోజు బస్సులో ఆమె ఎవరితోనూ మాట్లాడలేదు.

పత్తిచేను గట్టున దొరికినది ఆ అమ్మాయి. "తప్పు నాదే అమ్మాణీ. ఇంక నిన్నెవరూ ఏమీ అడగరు. కాలేజీకి పో" అన్నారు పెద్దమ్మ.

"మీరు మంచోరే పెద్దమ్మా. కానీ ఇప్పుడు అందరికీ తెలుసు కదా. ఏ బస్సెక్కినా నన్ను చూసి జరిగి చోటిస్తా ఉండారు."

"చోటిస్తే మంచిదే కదా?" అన్నాను, వాదించకుండా ఉండలేక.

"నాకు ఇరుకే బాగుండాది అక్కా."

పుస్తకం తీసుకొన్నది. కాలేజీకి మాత్రం రాలేదు. ఆవణి నెలలో పెళ్లి చేసేసినారు.

మరుసటేడు పిల్లలు చావడి బయటనే కూర్చున్నారు. నడుమ నిలబడినది వేంగడమ్మ గారు.

"ఇదేం కూత్తు, ఇదేం నాటకం, వేంగడమ్మా? నిలబడి చెప్పుకోకుండా ఇచ్చే వాడుక లేదే?" అన్నాడు అదే పెద్దాయన.

"నిలబడినాను కదా మామా. అడగండి."

"ఈ పిల్లకు వచ్చిన కష్టం ఏంది?"

"పెద్దదే. నాకు తెలుసు. చాలదా?"

"ఏందని చెప్పాల కదమ్మా!"

"కష్టం వినాలని ఉంటే నాది చెప్తాను. కలరా సంగతి. మొదట్నించీ చెప్పమంటారా?"

"వద్దు తల్లీ, వద్దు! ఇచ్చేయండప్పా!"

చావడంతా నవ్వినది. ఆమె నవ్వలేదు. అప్పటి నుంచి ఏటేటా ఆమే నిలబడినారు. మోకాళ్లు వాచిన ఏట నేను కుర్చీ వేస్తే కాలితో పక్కకు నెట్టినారు. చోళపురం అమ్మాయి నర్సైనది, సత్రపట్టి అబ్బాయి ఇంజనీరైనాడు. ఏం పోగొట్టుకొని వచ్చినారని వాళ్లను ఎవరూ అడగలేదు. హాస్టలుకు మామిడిపళ్లు పట్టుకొని పోయినప్పుడు కూడా ఆమె అడిగేది ఒకటే: "సాంబారు నీళ్లుగా పోస్తా ఉండారా?"

గురువారం సాయంత్రం జ్వరంలో నా చేయి పట్టుకొన్నారు. "ఆ పిల్ల కాలేజీలో చేరినదా?"

ఏ పిల్ల అని అడగనక్కరలేదు. ఎదుటివాళ్లు నొచ్చుకుంటారని నేను ఏనాడూ అబద్ధమాడలేదు. అందుకు ఊళ్లో నాకు మంచి పేరూ లేదు.

"చేరినది పెద్దమ్మా."

"లెక్కలేనా?"

"లెక్కలే."

"ఎవరూ ఏమీ అడగలేదు కదా?"

"ఒక్కరూ అడగలేదు."

ఆమె కళ్లు మూసుకొన్నారు.

ఈ ఏడు తళవాయిపురం నుంచి ఒక అమ్మాయి అర్జీ వచ్చి ఉన్నది. ఎవరు నిలబడతారని చావడి పెద్దలు కబురు పంపినారు. నేనే నిలబడతాను, వేరే ఎవరున్నారు? నా నోటికి జడిసి సరేనంటారు. ఆమె ఎదుట మాత్రం తలలు దించుకొని సరేనన్నారు. పెద్దమ్మా, మీ పాదాలకు దండం. వాదించడం నాకు ఎవరూ నేర్పనక్కరలేదు. తప్పు నాదని ఒప్పుకొని, ఏటేటా అదే చోట నిలబడడం మీ దగ్గర నేర్చుకోవలసి ఉండినది. అడుగుదామంటే మీరు లేరు.