తినే చెయ్యి దిక్కు తలుపు

ఏడో తరగతిలనే నేను బడికి దండం పెట్టిన. బడి గూడ నాకు దండం పెట్టి సాగనంపిందని మా సారు అందరికీ చెప్తుండె. అప్పటిసంది నేను చదువుకున్నవి వైర్ల రంగులే. వరంగల్‌ల రోడ్డు మీద ఒక రేకుల షెడ్డు, బండ్ల వైరింగ్ పని.

ఒక ఎండకాలం పొద్దుగాల కాశిబుగ్గ నుంచి ఒకాయన వచ్చిండు. జంపఖానాలు నేసే మగ్గాలున్నయి ఆయనకు. సెకండ్ హ్యాండ్‌ల పెద్ద వ్యాను కొన్నడు. బటన్ నొక్కితే పక్క తలుపులు వాటంతటవే జరిగే రకం.

"తమ్మీ, దీనికి రిమోట్ స్టార్టర్ పెట్టాలె. ఇంట్ల కూసోని నొక్కితే ఇంజన్ స్టార్టయి ఏసీ నడువాలె, ఇంకోటి నొక్కితే తలుపు తెరుచుకోవాలె."

"స్టీరింగ్ గూడ అదే తిప్పాల్నా అన్నా, అదన్న మీరు చూసుకుంటరా?"

ఆయన నవ్వలేదు. "మా బాపు కోసం," అన్నడు. పని బాపు కండ్ల ముందటనే జరగాల్నట. సంచి సదురుకొని వాళ్లింటికి పోయిన.

పెద్దమనిషి అరుగు మీద కుర్చీల ఉన్నడు. నలభై ఏండ్లు గుంటమగ్గం మీద కూసున్న మనిషి. రెండేండ్ల కింద పక్షవాతమొచ్చి ఒక పక్క పడిపోయింది. నాలుగు కాళ్ల కర్ర పట్టుకొని మెల్లగ నడుస్తడు. వారానికి మూడు రోజులు కసరత్తు కోసం దవాఖానకు పోవాలె. ఇంటి ముందట నీడ లేదు, ఎండల నిలబడ్డ వ్యాను రొట్టెల పెనం లెక్క కాలుతది. అందుకని కొడుకో కోడలో ముందుగాల పోయి ఏసీ పెట్టాలె, తలుపు తియ్యాలె, వచ్చి ఈయనను పిలువాలె.

"పెద్దబాపూ, వాళ్లు చేస్తనే ఉన్నరు గదా. నీకెందుకు ఫికర్?" అన్న.

"నువ్వు ఒక్క దినం ఈ కుర్చీల కూసో, ఎరుకైతది. పొద్దుందాక నా నోట్ల ఒక్కటే మాట. జర నీళ్లియ్యి, జర లేపు, జర ఫ్యాన్ వెయ్యి, జర తలుపు తియ్యి. గీ తలుపు జర ఒక్కటి తగ్గియ్యి మెకానిక్కూ. తక్కినయి నేను చూసుకుంట."

ఇట్లాంటి ఆర్డరు నాకెప్పుడూ రాలేదు. హారన్ పెంచుమన్నోళ్లున్నరు, లైట్లు పెంచుమన్నోళ్లున్నరు. మాట తగ్గియ్యమన్నోడు ఈయనొక్కడే.

మధ్యాహ్నం అన్నం తినంది కోడలు పని ముట్టనియ్యలేదు. నేను, పెద్దమనిషి ఎదురెదురుగ కూసున్నం. ఆయన ముందట పళ్లెంల చెంచా ఉంది. ఆయన దాన్ని అందుకునేసరికి నేను గోడ మీది క్యాలెండర్ దిక్కు తిరిగిన. మనిషి కష్టపడి తింటాంటే చూసుడు మర్యాద కాదని మా అవ్వ చెప్పింది. ఆ నెలల ఏ తిథి ఎప్పుడొస్తదో నాకిప్పటికీ నోటికొచ్చు.

పని మొదలుపెట్టిన. నీడ కోసం బండిని రోడ్డు అవతల ఉన్న వేపచెట్టు కిందికి తెచ్చిన. ఇంజన్‌ను రిమోట్‌తోని స్టార్ట్ చేసుడు పెద్ద కథేం కాదు. గొడవంతా తలుపుతోని. తాళంచెవి లోపల లేకుంట ఇంజన్ నడుస్తాంటే బండికి అనుమానమొస్తది, దొంగ వచ్చిండేమోనని. ఇంక ఏ బటన్ నొక్కినా కీ కీ మంటదిగని తలుపు కదలదు. కొందరు ముసలవ్వలు ఇట్లనే ఉంటరు, కొడుకు గొంతు వినంది గొళ్లెం తియ్యరు. కాబట్టి మధ్యల ఒక చిన్న రిలే డబ్బా పెట్టి, ముందుగాల "మనోళ్లే" అని బండికి ఒక సిగ్నలియ్యాలె. ఒక సెకను ఆగి తలుపు వైరుకు ఇంకోటి ఇయ్యాలె.

తలుపులు రెండు, వైర్లు రెండు. రెండూ తెల్లవే, ఒకదానికి నీలి గీత, ఇంకోదానికి పచ్చ గీత. తలకాయ స్టీరింగ్ కింద, కాళ్లు బజాట్ల పెట్టి పండుకున్న నేను అరుగు దిక్కు కేకేసిన.

"పెద్దబాపూ, ఏ పక్క తలుపు తెరువాలె?"

"నేను తినే చెయ్యి దిక్కుది!"

మా దిక్కు పెద్దోళ్లు కుడి, ఎడమ అని ఎక్కువ అనరు. తినే చెయ్యి అంటే కుడే. ఇందుల అడిగేదేముంది? కుడి తలుపుకు పోయే నీలి గీత వైరుకు అతికిచ్చి, టేపు చుట్టి లేచిన.

కొడుకు బండిని తీసుకపోయి ఎప్పటిలెక్కనే ఇంటి ముందట పెట్టిండు, ఎడమ పక్క అరుగుకు, కుడి పక్క రోడ్డుకు. రిమోట్‌కు జంపఖానా నూలు కట్టి పెద్దమనిషి మెడల ఏసిన. ఆయన బొటనవేలుతోని నొక్కంగనే ఇంజన్ స్టార్టయింది. కోడలు చప్పట్లు కొట్టింది. పది నిమిషాలు చల్లవడనిచ్చి ఆయన తనంతట తానే లేచిండు. అరుగు నుంచి బండి దాక పన్నెండు అడుగులు. ఎవ్వలం పట్టుకోలేదు, పట్టుకోనియ్యలేదు. తలుపు ముందటికి వచ్చి రెండో బటన్ నొక్కిండు.

ఆయన ముందటి తలుపు కదలలేదు. అవతల రోడ్డు దిక్కు తలుపు సాఫీగ తెరుచుకున్నది. అప్పుడే పోతాన్న ఆటో ఒకటి సర్రున ఆగింది. ఆటోవాడు లోపలికి తొంగి చూసి, "నా కోసమేనా అన్నా? ఏసీ బాగుంది, ఎక్కమంటరా?" అని పోయిండు.

"నేను తీస్త బాపు," కొడుకు ఉరికొచ్చిండు.

"ముట్టకు."

"పెద్దబాపూ, తినే చెయ్యి దిక్కే గదా నువ్వన్నది?" అన్న నేను.

రిమోట్ పట్టుకున్న చెయ్యి పైకెత్తిండు. ఎడమ చెయ్యి. "దీంతోనే గదా నేను తినేది? రెండేండ్లాయె. నా ఎదురుంగనే కూసోని తింటివి, చూడలేదా?"

చూడలేదు. నేను చూసింది క్యాలెండర్‌ను.

మళ్ల స్టీరింగ్ కింద దూరిన. పెద్దమనిషి కుర్చీ కాడికి పోనన్నడు. మూసిన తలుపుకు భుజం ఆనిచ్చి ఎండల అట్లనే నిలబడ్డడు. కోడలు గొడుగు తెచ్చి పట్టింది.

"నేనేమన్న దేవుని పల్లకినా?"

"గంత సీన్ లేదు మామా. ఎండ దెబ్బ తగిలితే మళ్ల నేనే చెయ్యాలె."

గొడుగును ఒప్పుకున్నడు. నన్ను మాత్రం ఇడిచిపెట్టలేదు. "తెగిన పోగు అతుకనీకి నాకు గింతసేపు పట్టకపోవు."

"నీ పోగులల్ల కరెంట్ లేదు పెద్దబాపు."

"నీ వైర్లల్ల తెలివి లేదు."

అతుకు కోసి, నీలి గీత వైరు ఇడిచి పచ్చ గీత వైరుకు కట్టిన. మీటరు పెట్టి చూసుడు, టేపు చుట్టుడు అన్నీ కలిపి పావుగంట. ఆ పావుగంటల ఆయన కాలు వణుకుడు నాకు పక్క సీటు దిక్కు తెరిచిపెట్టిన తలుపు సందుల నుంచి కనిపిస్తనే ఉంది. ఈసారి ముఖం తిప్పుకోలేదు.

"ఇగ నొక్కు. తలుపుకు కొంచెం దూరం జరుగు."

జరిగి నొక్కిండు. కీ కీ అన్నది. ఒక సెకను ఏం కాలేదు. తర్వాత ఆయన ముందటి తలుపు వెనక్కి జరిగింది, చల్లగాలి ముఖానికి కొట్టింది. కర్రను ముందుగాల లోపల పెట్టిండు. పిడి పట్టుకొని తిరిగి సీటు మీద కూలవడ్డడు. పడిపోయిన కాలును ఎడమ చేత్తోని సామాను లెక్క ఎత్తి లోపల పెట్టుకున్నడు. బటన్ నొక్కిండు. తలుపు మూసుకున్నది.

బయట మేం ముగ్గురం నిలబడ్డం. కొడుకు చేతుల తాళంచెవి. కోడలు గొడుగు మూసుడు మర్చిపోయింది. నేను అయిపోయిన టేపు అట్టను ఊకెనే తిప్పుతాన.

అద్దం కిందికి దిగింది.

"దవాఖానకు ఎవలన్న వస్తాన్నరా, నేనొక్కన్నే పోవాల్నా?"

"చెప్పులేసుకోని వస్తాన మామా," కోడలు ఇంట్లకు ఉరికింది. "జర ఆగు!"

"జర అంటే ఎంతసేపు?" అన్నడు పెద్దమనిషి, అద్దం పైకెక్కిచ్చుకుంట.