విక్టర్ పాతిన హద్దురాళ్లు

మా విక్టర్‌కు ఏ అంకె కనబడ్డా దానికి అటొకటి ఇటొకటి హద్దురాయి పాతందే నిద్రపట్టదు. మేడ్చల్ బస్ డిపో ఎదురుంగ మా మల్గి కిరాయికి తీసుకొని కంప్యూటర్ దుకాణం పెట్టిన మనిషి. ఆరేండ్లు నా కండ్ల ముందట్నే ఉన్నడు గనుక చెప్తున్న.

"రొట్టెలెన్ని తింటవ్‌రా?" అంటే, "రెండు నుంచి నాలుగు దాక అవ్వా" అనేటోడు. ఒకనాడు ఐదోది ఏయబోతే కంచం గుంజుకున్నడు.

"హద్దు దాటింది."

"అది నీ కడుపా, గవర్నమెంటు భూమా?" అన్న. నవ్విండు గని తినలే.

పిల్లను చూడ పోయినకాడ గూడ గంతే. పిల్లనాయిన "అమ్మాయికి ఇరవై ఉంటయి" అంటే, "ఎంత నుంచి ఎంత దాక?" అన్నడట. వాళ్లు చాయ్ గూడ పోయలే.

రెండు వేల నాలుగుల వాళ్ల చర్చోళ్లు కండ్ల ఆపరేషన్ల క్యాంపు పెట్టిన్రు. యాభై నిండినోళ్ల పేర్లు విక్టరే ఎక్కించాలె. లిస్టు సాయంత్రం ఐదుకు డాక్టర్లకు పోవాలె. పేరు లేకుంటే ఆపరేషన్ లేదు. వయసు తప్పు కొడితే మిషను ఎర్రగ అరిచేటట్టు చేసిండు.

"దీనికి ఎక్కువ తక్కువ తెల్వదవ్వా. అంకెల ఆకారం చూస్తది. మొదటి గడిల ఐదు నుంచి తొమ్మిది, రెండో గడిల ఏదైనా. గట్లుంటేనే లోపలికి."

"నేను బస్సు నంబరు పోల్చుకున్నట్టే గదరా!" అన్న. బడి మొఖం రెండేండ్లే చూసిన, తెలివికేం తక్కువ లేదు.

గప్పుడొచ్చింది జవహర్‌నగర్ సాలమ్మ. రెండు కండ్లల్ల పొర. రేషన్ కార్డు మీద వయసు నూటరెండు.

మిషను అరిచింది. మూడంకెల మనిషికి విక్టర్ దారే పెట్టలే!

"తొంభై తొమ్మిది కొట్టురా, ఏమైతది?" అన్నడు చర్చి పెద్ద లచ్చయ్య.

సాలమ్మ కట్టె నేలకు కొట్టింది. "నా మూడేండ్లు ఎవడు మింగిండు? కరువుల బతికిన ఏండ్లవి!"

"ఆమె బతికిన ఏండ్లు నేనెట్ల కోస్త పెద్దయ్యా? తప్పు ఆమెది గాదు, నా హద్దుది" అన్నడు విక్టర్.

ఇగ లేవలే. "మూడంకెలైతే మొదటిది ఒకటే. నడుమ సున్నగని ఒకటిగని ఉంటే చివర ఏదైనా. నడుమ రెండుంటే చివర సున్ననే..." గొణుగుడే గొణుగుడు. ఒకపారి మిషను నూటరెండును రానిచ్చి, అరవై ఏండ్ల లచ్చయ్యను ఎల్లగొట్టింది! "నేనేం చేసిన్రా దానికి?" అని ఆయన మొత్తుకున్నడు.

నాలుగున్నరకు సాలమ్మ పేరెక్కింది. "నూటరెండే రాసినవా? ఒక్కటి తక్కువైనా ఊకోను" అని రెండుసార్లు అడిగి, వాని తల నిమిరి పోయింది.

"ఆమెకు నూటరెండు చాలు గద. నూటఇరవై దాక ఎందుకు తెరిచినవ్‌రా?" అన్న.

"నువ్వు గూడ నూరు దాటి రావాలె గదవ్వా ఎన్నడన్న. నీకు జాగ లేదంటే నన్ను బతకనిస్తవా?"

అప్పుడు నాకు అరవై నాలుగు. ఊకెనే యాభై ఆరేండ్లు చేతిల పెట్టినోన్ని ఏమని తిట్టాలె?