నాలుగో భుజం

కిలార్నీలో, సరస్సు ఒడ్డున రాస్ కోట ముందు గుర్రబ్బండ్ల అడ్డా ఉంది. అక్కడ బార్ట్ మోయినిహాన్ బండి ఎప్పుడూ అన్న జెరీ బండి వెనకే. ఇరవై రెండేళ్లు ఆ అన్న వీపు చూస్తూ కూర్చున్నాడు, ఒక్క మాట మాట్లాడలేదు. ఏం కొంప మునిగిందయ్యా అంటే, ఒకరోజు జెరీ ఎవరో ముసలావిణ్ణి చెయ్యి పట్టుకుని కోట మెట్లదాకా దిగబెట్టి వచ్చేలోగా, బార్ట్ వరస తప్పి అన్న వంతు బేరాన్ని తన బండిలో ఎక్కించుకున్నాడు. ఆ అడ్డాలో మనిషి మీద చెయ్యి చేసుకున్నా క్షమిస్తారు గానీ, వరస తప్పితే క్షమించరు.

“రేపు నా శవాన్ని కూడా నువ్వు మొయ్యొద్దురా!” అన్నాడు జెరీ నలుగురిలో. అంతే, మాటలు ఆగిపోయాయి.

అలాగని నోరు మూసుకున్నాడా మహానుభావుడు? తమ్ముడికి వినబడేలా తన గుర్రంతో చెప్పేవాడు.

“ఒసే మోలీ, వెనకాల పెద్దమనిషి బండి చక్రం వదులైంది. సరస్సులో పడితే ఈతొచ్చేమో అడుగు!”

“విన్నావటే బెస్? మనకి చెప్పడానికి ఈయనెవరే, కోట కట్టించిన దొరా?” అని బార్ట్ తన గుర్రంతో అనేవాడు. అంటూనే దిగి చక్రం బిగించుకునేవాడు.

తల్లి పోయిన రోజు మాత్రం ఇద్దరూ పక్కపక్కన నిలబడ్డారు. అక్కడి ఆచారం ప్రకారం శవపేటికను మొదట ఎత్తాల్సింది ఆ ఇంటిపేరువాళ్లు నలుగురే. జంటగా మోసేవాళ్లు ఒకే ఎత్తు ఉండాలి, పేటిక కింద ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వెయ్యాలి. అన్నదమ్ములిద్దరిదీ ఒకే ఎత్తు. ఆరోజు అన్న చెయ్యి తన భుజాన్ని గట్టిగా పట్టుకోవడం బార్ట్ మరిచిపోలేదు. పేటిక దించాక ఎవరి దారిన వాళ్లు పోయారు.

మూడు వారాలు ఆస్పత్రిలో ఉండి, మంగళవారం జెరీ పోయాడు. ఆనవాయితీగా ఊరంతా జెరీ ఇంటికి వెళ్లి, టీ తాగి, పోయినవాడి చల్లటి చెయ్యి తాకి వచ్చింది. బార్ట్ రెండుసార్లు గేటుదాకా వెళ్లి వెనక్కొచ్చేశాడు. మొయ్యొద్దన్న మాట కాళ్లకి అడ్డం పడింది.

గురువారం పొద్దున, పోయినవాడు పని చేసిన చోట ఆగే రివాజు ప్రకారం, శవం కారు కోట ముందు ఆగింది. సన్నగా వాన. వరసలో మొదట మోలీని ఖాళీ బండితో నిలబెట్టారు. దాని ముందునుంచి పేటికను మోసుకెళ్లాలి. బండివాళ్లందరూ టోపీలు తీశారు. బార్ట్ మాత్రం బెస్ చాటున నక్కాడు.

జెరీ కూతురు నోరీన్ తిన్నగా అక్కడికే వచ్చింది. మనిషి తండ్రంత పొడుగు.

“రా బాబాయ్.”

“మీ నాన్న వద్దన్నాడమ్మా. అందరూ విన్నారు.”

“నేనూ, కొండ ఊరినుంచొచ్చిన దాయాదులిద్దరూ. ముగ్గురమే. నాలుగో మోయినిహాన్‌వి నువ్వే.”

“ఇంకెవరినైనా చూసుకో తల్లీ. పోయినవాడి మాట దాటలేను.”

“పోయినవాడి మాటే చెప్తున్నా. ‘ఆ మొండివెధవని నీ పక్కన పెట్టుకో. బరువు ఎడం భుజం మీద పడేలా చూడు. చలికాలం నుంచి వాడికి కుడి భుజం లేవట్లేదు’ అన్నాడు.”

భుజం సంగతి బార్ట్ ఎవరికీ చెప్పలేదు, డాక్టరుకి కూడా. అన్నని గమనిస్తున్నది తనొక్కడే అనుకున్నాడు ఇన్నేళ్లూ. ఆస్పత్రి అర మైలు దూరంలోనే ఉన్నా ఒక్కసారీ వెళ్లలేదు.

వెళ్లి పేటిక కిందకి ఎడం భుజం పెట్టాడు. నోరీన్ చెయ్యి వచ్చి అతని భుజాన్ని పట్టుకుంది. అచ్చం వాళ్ల నాన్న పట్టే. నాలుగడుగులు వేశాక మోలీ ఎదురైంది.

“ఒసే మోలీ,” అన్నాడు బార్ట్ ఏడుస్తూ, “మీ యజమానికి చెప్పవే. ఆరోజు వరస తప్పింది నేనేనని చెప్పవే.”