దేవసహాయం మాస్టారి ఎర్రసిరా

దేవసహాయం మాస్టారు ఇక లేరన్న దుర్వార్త నాకు అరగంట ఆలస్యంగా తెలిసింది. ఆ ఆలస్యానికి కారణం కూడా ఆయనే. "గాల్లో ఉన్నంతసేపూ ఫోను ముట్టుకోకు. ఎవరు పోయినా సరే, ముందు కిందికి దించు, తర్వాత ఏడువు" అని నేర్పింది ఆయనే గదా! పోయిన సోమవారం పొద్దున్న మా సంస్థ మైదానంలో డ్రోన్ దించి, రెక్కలు ఆగేదాకా నిలబడి, అప్పుడు ఫోను చూశాను. తిరువూరు నుంచి ఆయన భార్య కరుణమ్మగారివి నాలుగు మిస్డ్ కాల్స్. తిరిగి చేస్తే, "మీ మాస్టారు వెళ్ళిపోయారమ్మా శ్రీలక్ష్మీ. కాఫీ కలిపి తెచ్చేలోపే..." అన్నారావిడ.

ఆయనెవరో తెలియనివారికి చెప్పడం శిష్యురాలిగా నా ధర్మం. వైమానిక దళంలో విమానాల మరమ్మతు పనిచేసి, పదవీ విరమణ తర్వాత సొంత ఊరు తిరువూరు చేరి, మామిడితోటలకూ పత్తిచేలకూ డ్రోన్‌తో మందు కొట్టిన కర్మయోగి. మాలాంటివారికి ఆ విద్య నేర్పిన గురువు. నిరాడంబరత, నిర్మొహమాటం, నిక్కచ్చితనం ఆయనకు సహజాభరణాలు. ఆ మూడోదానితో వేగడం మాత్రం మహా కష్టం. వాత్సల్యం లేదని కాదు. ఉన్నదాన్ని పెట్టెలో పెట్టి తాళం వేసుకునేవారు.

ఆయన దగ్గర చేరినవారికి మొదట చేతికిచ్చేది రిమోటు కాదు, ఒక బౌండు పుస్తకం. ఎగరేసిన ప్రతిసారీ అందులో నీలం సిరాతో రాయాలి, పేజీ నిండితే కింద ఆయన సంతకం చేసేవారు. పడేస్తే ఎర్రసిరా. ఎక్కడ పడింది, ఎందుకు పడింది, తప్పెవరిది, అన్నీ రాయాలి. కొట్టివేతలు ఉండకూడదు. ఎర్రరాత కింద కళ్ళారా చూసినవారు సంతకం పెట్టాలి. "ఎగరేసినవి గొప్పలు చెప్పుకోడానికమ్మా, పడేసినవి నేర్చుకోడానికి" అనేవారు.

నా ఎర్రరాత విస్సన్నపేట దగ్గర ఓ మామిడితోటలో పడింది. రాత్రి వాన కురిసి నేలంతా బురద. కాళ్ళకు అంటుతుందని ట్రాక్టరు ట్రక్కు ఎక్కి, ఆ ఇనుప రేకు మీదే డ్రోన్ దిక్సూచి సరిచేశాను. ఇనుము పక్కన దిక్సూచి నిజం చెబుతుందా? లేచిన డ్రోన్ తాగినవాడిలా గుండ్రంగా తిరిగి, కొమ్మకు కొట్టుకుని కింద పడింది. మాస్టారు కోప్పడలేదు. "రాయి" అన్నారంతే. కారణం: ట్రాక్టరు ఇనుము. తప్పు: పైలట్‌ది. సంతకం పెట్టమంటే తోట యజమాని మల్లయ్యగారు రెండడుగులు వెనక్కి వేసి, "ఇదేంటి మాస్టారూ, కోర్టు కేసా? ఆడపిల్ల, వదిలెయ్యండి" అన్నారు. "కేసు కాదండీ, చదువు. పెట్టండి" అన్నారు మాస్టారు.

ఆ మరుసటేడు, సైన్యానికి డ్రోన్లు తయారుచేసే ఒక సంస్థ పౌర పైలట్లను తీసుకుంటోందని ప్రకటన వచ్చింది. యూనిఫాం వేసుకోనక్కర్లేదు, కొత్త డ్రోన్లను ఎగరేసి పరీక్షించే పని. మాది పెనుగొలను, నాన్నది కౌలు సేద్యం. వరుసగా రెండేళ్ళు పత్తి పోయింది. ఆ ఉద్యోగం వస్తేనే ఇల్లు నిలబడుతుంది. గురువు సంతకంతో పుస్తకం పంపమన్నారు. నేను కొత్త పుస్తకం కొని, ఎర్రరాత ఒక్కటి వదిలేసి, మిగతావన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో ఎక్కించి పట్టుకెళ్ళాను. ఆయన వరండాలో కూర్చుని చివరిదాకా చదివి, కలానికి మూత పెట్టేశారు.

"ఇది నీ పుస్తకం కాదమ్మాయ్."

అంతే. ఎందుకన్నది ఒక్క ముక్క చెప్పలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. "మీకు పెన్షనొస్తుంది కాబట్టి మీరెన్ని నీతులైనా చెబుతారు. మా ఇంట్లో పొయ్యి ఎలా వెలగాలి మాస్టారూ?" అనేసి ఏడుస్తూ వచ్చేశాను. దరఖాస్తు గడువు దాటిపోయింది. రెండు నెలలు ఆ వీధి మొహం చూడలేదు.

తర్వాత అలాంటిదే ఇంకో సంస్థ పిలిచింది. పాత పుస్తకమే పట్టుకెళ్ళాను, ఆయన సంతకాలున్నది అదొక్కటే మరి. ఇంటర్వ్యూ చేసినాయన నీలం పేజీలు గబగబా తిప్పేసి ఎర్రరాత దగ్గర ఆగారు. ట్రాక్టరు సంగతంతా గుచ్చిగుచ్చి అడిగారు. దాచకుండా చెప్పాను. "పొద్దుటి నుంచి వచ్చినవాళ్ళలో డ్రోన్ పడేశానన్నది మీరొక్కరేనండీ" అని నవ్వారు. ఉద్యోగం వచ్చింది.

ఆ మాట చెప్పడానికి వెళితే, నిన్ననే చూసినట్టు "రా అమ్మాయ్" అన్నారు మాస్టారు. నా మనసులో ఒక శంక ఉంది. "చేలకు మందు కొట్టిన చేత్తో యుద్ధానికి పనికొచ్చే పని చెయ్యొచ్చా మాస్టారూ?" అని అడిగాను. "నాకూ పూర్తిగా తెలీదమ్మా. నేను బాగుచేసిన విమానాలు ఎక్కడికెళ్ళాయో ఏనాడూ అడగలేదు. నువ్వు అడుగు. ఎగిరేదాని కింద ఎప్పుడూ మనుషులుంటారు" అన్నారు. ఆ వాక్యం ఈనాటికీ నాతోపాటు మైదానానికి వస్తుంది. నాటి నా దురుసు మాటకు క్షమించమని అడగాలనుకున్నాను, నోటిదాకా వచ్చింది. మళ్ళీ వచ్చినప్పుడు చెబుదాంలే అనుకున్నాను. ఎంత తెలివితక్కువదాన్నో!

భూస్థాపన అయ్యాక కరుణమ్మగారు ఆయన సొంత పుస్తకం, ఎర్రసిరా కలం తెచ్చి, "నీ దగ్గరుంటేనే బాగుంటుందమ్మా" అని నా చేతిలో పెట్టారు. పుటలు తిప్పుతుంటే ఒకచోట ఎర్రసిరా. మేము గొడవపడిన రోజు తేదీ. "స్థలం: మా వరండా. ఎగరేసింది ఏమీ లేదు. సంతకం పెట్టనన్నాను, ఎందుకో చెప్పలేదు. పిల్ల ఏడుస్తూ వెళ్ళిపోయింది. తప్పు: నాది." కింద చూసినవారి సంతకం చోటు ఖాళీ. ఆ రోజు వరండాలో ఉన్నది మేమిద్దరమే. అంటే ఆ ఖాళీ నాకోసమే ఉంచారు. అడగడానికి మాత్రం ఆయనకూ నోరు రాలేదు.

కొట్టివేయకూడదన్నది ఆయన నియమం గనక కొట్టివేయలేదు. సంతకం పెట్టాను. దాని కింద ఆయన కలంతోనే, అదే తేదీ వేసి, ఎర్రసిరాతో రాశాను: "స్థలం: మాస్టారి వరండా. తండ్రిలాంటి మనిషిని అనరాని మాట అన్నాను. తప్పు: నాది." ఆ మహనీయుడికి నేను సమర్పించగల నివాళి ఇంతకుమించి లేదు. దాని కింద చూసినవారు సంతకం పెట్టాలి. పెట్టవలసిన ఆ ఒక్క మనిషీ ఇక లేరు.