డాక్టరు కవితకు మొదటి శ్రోత

సూరత్‌లోని డిండోలిలో డాక్టర్ పరుశురాం తెలియని తెలుగిల్లు లేదు. పొద్దంతా దవాఖానాలో దగ్గులూ జ్వరాలూ చూస్తాడు, సందు దొరికితే కవిత్వం రాస్తాడు. సిరిసిల్ల పక్క పల్లె నుంచి తల్లిదండ్రుల వెంట సూరత్ రైలెక్కి వచ్చిన పిల్లవాడు. ఏం మొదలుపెట్టినా చివరికి ఆ రైలు దగ్గరికో, బట్టలు నేసే లూముల కార్ఖానా దగ్గరికో చేరుకుంటాడు. కవులకు తలా ఒక పిచ్చి ఉంటుంది కదా, ఇతనిది ఇదీ!

రాసిన ప్రతి కవితా ముందు తల్లి ఎల్లవ్వ వినాల్సిందే. భర్త దేవదాస్ పోయాక అదే కార్ఖానాలో దారపు బాబిన్లు చుట్టి కొడుకును చదివించిన మనిషి. "ఎదురుంగ కూసో. మొఖం ఇటు పెట్టి సదువు" అనేది. ఈమధ్య మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరికి జరగమంటోంది. అమ్మకు తన కవిత్వమంటే అంత ప్రాణమని మన డాక్టరు మురిసిపోయేవాడు. ఏడవాల్సిన చోట సరిగ్గా ఏడ్చేది మరి! ఫోన్ మాత్రం పడదు, ఇస్తే కోడలు సుభాషిణికి అందించేది. లూమోళ్ళ ఇళ్ళలో మాటంటే మొహంలో మొహం పెట్టి అరవడమే. ఆ మోతలో పెదాలు చూసి మాట పోల్చుకునే అలవాటు ఇంటికీ వెంట వస్తుంది. అందులో వింతేముందని ఎవరూ అనుకోరు.

మొన్న ఆవిడకు శుక్లం ఆపరేషన్ అయింది. ఒక కంటికి పట్టీ, రెండో కంట్లో ముదిరిన శుక్లం. ఆ సాయంత్రం పరుశురాం మంచం పక్కకు కుర్చీ లాక్కుని, తెలుగు సంఘం సభలో చదవబోయే కొత్త కవిత అందుకున్నాడు.

"ఊరు వెనకబడ్డా పాట వెనకబడలేదు,
లూముల చప్పుడే అమ్మ నాకు పాడిన జోల..."

ఎల్లవ్వ పలకలేదు. కునుకు పట్టిందేమోనని గొంతు పెంచాడు. ఆవిడ గాల్లో చెయ్యి తడుముతూ, "సుభాషిణీ, పరుశు ఇంక రాలేదా? ఇయ్యాల కవిత సదువుతనన్నడు" అంది.

పరుశురాం "అమ్మా!" అని అరిచాడు. చెవి పక్కన చప్పట్లు కొట్టాడు. ఆవిడలో చలనం లేదు, వంటింట్లోంచి సుభాషిణి మాత్రం పరుగెత్తుకొచ్చింది. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు, ఊరందరి చెవుల్లో లైటు వేసి చూసే డాక్టరుకు కన్నతల్లి చెవుడు కనపడలేదు! ఆమె చేయి పట్టుకుంటే, "వచ్చినవా బిడ్డా" అని నిమ్మళించింది.

మర్నాడు పట్టీ తీశారు. ఎల్లవ్వ కళ్ళు చికిలించి కొడుకు వైపు చూసింది. "ఏందిరా, మొఖం గట్ల పాలిపోయింది?"

"అమ్మా, నీకు ఎప్పటిసంది ఇనొస్తలేదు?"

దొరికిపోయిన పిల్లలా నవ్విందావిడ. "శాన ఏండ్లాయె. నిన్ను డాక్టర్ సదువుకు సాగనంపిననాడు బండి కదిలింది గని కూత ఇనరాలే. అప్పుడు ఎరుకైంది."

"మరి నాకెందుకు చెప్పలే?"

"చెప్తె కార్ఖానా బంద్ చెయ్యమంటవ్. బంద్ చేస్తె నీ సదువెట్లరా?"

ఇన్నేళ్ళూ జోలపాటని మురిసిన ఆ చప్పుడే తల్లి చెవులు తినేసింది. తను చదివిన చదువూ ఆ చెవులతో కొన్నదే. అయ్యో, ఆ మాటలనే ఆమె ముందు కూర్చుని రాగం తీసి మరీ చదివాడు!

"నిన్న సదవనేలేదు గద, ఇప్పుడు సదువు" అంది ఎల్లవ్వ.

వద్దన్నట్టు తల ఊపాడు. ఆవిడ వింటేనా? కుర్చీ పట్టుకుని దగ్గరికి గుంజింది. కాగితం తీసి మొదలుపెట్టాడు గానీ, అమ్మ అన్న చోట గొంతు పూడుకుపోయింది. ఎంత పెగల్చుకున్నా రాలేదు. పెదాలు మాత్రం చివరిదాకా కదిలాయి.

"మంచిగ సదివినవ్ బిడ్డా" అంది ఎల్లవ్వ.