వినకుండా అన్న ఆమెన్

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, అక్కచెల్లెళ్ళారా, నేను రెండో తరగతితో బడి మానినదాన్ని, రాతలో తప్పులుంటే సర్దుకోండి. దేవుడు నన్ను ఏ గుంటలోంచి లేపాడో దాచుకోవడం మాత్రం నాకు తగదు. తాగుడు గుంట కాదు. ఫోను గుంట.

మాది తంగళ్ళపల్లి. నేనూ, గోడ అవతల ఉండే నా యారాలు, అంటే తోడికోడలు, రాజవ్వా నలభై ఏళ్ళుగా బీడీలు చేసి బతికాము. మధ్యాహ్నం తిన్నాక వాడ ఆడవాళ్ళమంతా ఆమె అరుగు మీద చేటలు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాళ్ళం, తునికాకు కత్తిరిస్తూ పాడేవాళ్ళం, ప్రార్థనలో కళ్ళు మూసుకున్నా చేతులు ఆపేవాళ్ళం కాదు, ఎవరికైనా ఒంట్లో బాగాలేక పని సాగకపోతే తలా ఒక బీడీల కట్ట ఆమె చేటలో వేసి లేచేవాళ్ళం. నేను పిసినారిని, ఆ కట్ట వేసేటప్పుడు ప్రాణం గుంజేది, అయినా వేసేదాన్ని!

కోరుట్లలో ఉండే నా బిడ్డ ఫోను కొనిచ్చింది. రోజుకింత నెట్టు, ఆ రోజు వాడకపోతే పోతుందట. అన్నం మెతుకు పారేయనిదాన్ని, కట్టిన పైసలు పోనిస్తానా? అడుగంటేదాకా చూడాలని కూర్చున్నాను. ఒక వీడియో, ఇంకొకటి, మరొకటి! అరుగు మీదికీ తీసుకెళ్ళాను, మిగతావాళ్ళూ తెచ్చుకున్నారు, ముందు పాట పోయింది, తర్వాత కూర్చోవడమే పోయింది, చివరికి ఇంటి ప్రార్థన కూడా ఫోను గ్రూపులోకి చేరింది. కళ్ళు మండేవి, మెడ పట్టేసింది, నిద్ర లేదు, నా బీడీలు వదులుగా ఉన్నాయని కార్ఖానాలో తీసి పారేసేవాళ్ళు, మనిషి కనబడితే విసుగు.

రాజవ్వ ఒకరోజు గడపలో నిలబడి, "ఏందక్కా, గా ఫోను నీకు పింఛన్ ఇస్తదా? నా అరుగుకు దుమ్ము వట్టింది, జర రారాదు" అన్నది.

"రేపస్త తియ్యే, ఇయ్యాల్టి నెట్టు ఇంక మిగిలింది" అన్నాను. నవ్వి వెళ్ళిపోయింది. నేను పోలేదు.

తర్వాత ఒక మధ్యాహ్నం ఆమె గొంతుతో గ్రూపులో మెసేజు వచ్చింది. వినాలంటే చూస్తున్నది ఆపాలి. ప్రార్థన మనవి కాబోలని, మా గ్రూపులో ఆమెన్‌కు బదులు పెట్టే చేతులు జోడించిన బొమ్మ నొక్కి పక్కకు జరిపాను. నన్ను చూసి మరికొందరు అదే బొమ్మ పెట్టారు. ఒక్కరమూ వినలేదు.

సాయంత్రం అంబులెన్సు చప్పుడుకు బయటికొస్తే రాజవ్వనే ఎక్కిస్తున్నారు. దారిన పోయేవాళ్ళెవరో ఆమె పడి ఉండడం చూసి పిలిపించారట. సిరిసిల్లలో ఆసుపత్రి వరండాలో కూర్చున్నాక అప్పుడు ఆ మెసేజు విన్నాను. "అక్కా, కుడిచెయ్యి లేస్తలేదు, నాలుక మొద్దువారుతున్నది, ఒక్కదాన్నే ఉన్న, ఎవలన్న రాండ్రి." మా మధ్య ఒక్క గోడ, సహోదరులారా, ఒక్క గోడ!

అక్కడే మోకరించాను. "తండ్రీ, నేను వినకుండనే ఆమెన్ అన్న. నువ్వు నా లెక్క పక్కకు జరుపకు, నువ్వు విను. దాన్ని బతికియ్యి, నన్ను గీ ఫోనుల నుంచి గుంజు."

ఆయన విన్నాడు. రాజవ్వ బతికింది. కుడిచెయ్యి రాలేదు, మాట రాలేదు. ఆ గొంతు ఇప్పుడు నా ఫోనులో తప్ప ఎక్కడా లేదు, అందుకే దాన్ని పగలగొట్టకుండా బియ్యం డబ్బాలో పెట్టి మూత వేశాను.

విడుదల ఊరికే రాలేదు, నెల రోజులు చెయ్యి ఆ డబ్బా వైపే పోయేది, ఏడ్చి ప్రార్థించేదాన్ని. అరుగు ఊడ్చి చేట పట్టుకుని ఆమె పక్కన కూర్చున్నాను, ఒక్కదాన్నే పాడాను. వారం తర్వాత ఇద్దరొచ్చారు, ఇప్పుడు ఏడుగురం. రాజవ్వ ఎడమచేత్తో ఆకు అదిమి పడుతుంది, నేను చుడతాను, లేచేముందు తలా ఒక కట్ట ఆమె చేటలో వేస్తాము. నన్ను క్షమించిందో లేదో అడగడానికి నాకు ధైర్యం లేదు, చెప్పడానికి ఆమెకు నోరు లేదు. ప్రార్థన అయ్యాక మాత్రం ఎడమచేత్తో చేట మీద ఒకసారి తడుతుంది. అదే ఆమె ఆమెన్.

నన్ను విడిపించిన దేవునికే మహిమ! ప్రియులారా, ఆయన మీద భారం వేయండి, ఆయన వినేవాడు. మీరు కూడా ఆమెన్ అనేముందు లేచి, గోడ అవతలికి పోయి, వినండి.