ఎడమవైపు ఇంకాస్త

చెవి డాక్టరుగారు రికార్డు చేసి పంపే రిపోర్టులు విని టైపు చేయడం ఆమె పని. ఆసుపత్రిలో అందరికీ టైపమ్మ. పద్దెనిమిదేళ్లలో ఒక్క అక్షరం పొల్లుపోలేదని పేరు. పొద్దున్నే కుర్చీలో కూర్చుని ఎడమ ఇయర్‌బడ్‌ను రుమాలుతో తుడుస్తుంది, ఉఫ్ఫున ఊదుతుంది, మళ్లీ తుడుస్తుంది. ఆ తర్వాత ఫోను సెట్టింగుల్లోకి వెళ్లి, కుడి ఎడమల శబ్దాన్ని సరిచేసే గీత మీది చుక్కను ఎడమకి కాస్త జరుపుతుంది. రెండు నెలల కిందట అది నడిమధ్యన ఉండేది. నిన్న పొద్దుటికి చివరికి గోరంత దూరంలోకి వచ్చింది. "దిక్కుమాలిన సరుకు" అని గొణుక్కుని, ఎవరైనా చూశారేమోనని తలెత్తుతుంది. ఎడమపక్క గుమాస్తా పిలిచి పిలిచి ఊరుకుంటాడు. పనిలో మునిగితే ఆవిడంతే అనుకుంటాడు.

నిన్న మధ్యాహ్నం ఇంటి తాళంచెవి కోసం వచ్చిన కూతురు, బల్ల మీది ఇయర్‌బడ్స్ సరదాగా పెట్టుకుని, ఎడమది చటుక్కున పీకేసింది.

"చెవి గింగురుమంటోందమ్మా. కుడివైపేమో వినపడటమే లేదు. ఎలా వింటున్నావు?"

"ఎడమది పాడైందే. సరిగ్గా పలకదు."

కూతురు చుక్కను మధ్యకి లాగి, మళ్లీ వింది. "రెండూ బాగానే ఉన్నాయిగా."

టైపమ్మ వాటిని తీసుకుని పెట్టుకుంది. డాక్టరుగారి గొంతు కుడి చెవిలోనే పలికింది: "ఒక పక్క వినికిడి తగ్గుతుంటే ఒక్కరోజు కూడా ఆలస్యం చేయకూడదు." ఆ వాక్యం వందసార్లు కొట్టి ఉంటుంది. ఇప్పుడూ ఒక్క తప్పు లేకుండా కొట్టింది. కూతురు గుమ్మం దాటగానే, చుక్కను ఎడమ చివరికంటా జరిపింది.